దేశానికో తీరు

పాఠ్యభాగ ఉద్దేశం

విద్య కోసం, ఉపాధి కోసం తెలుగువారు దేశదేశాలకు వెళ్తున్నారు. వెళ్లిన చోట భాష, చట్టం, సాంఘిక స్థితి స్వదేశంలో ఉన్నట్లు ఉండవు. ఈ మూడింటికీ పరస్పరం ఉన్న సంబంధాన్ని గ్రహింపజేయడం, భేదాలను తెలుసుకొని మెలగవలసిన అవసరాన్ని తెలియజేయడం, మనలనూ ఇతరులనూ ఒకే కొలతతో కొలిచే దృష్టిని అలవరచడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

కొడుకు దూరదేశానికి ప్రయాణమవుతున్నాడు. తల్లి ఆవకాయ కట్టింది. కందిపొడి, కరివేపాకు పొడి సర్దింది. "అక్కడ దొరుకుతాయో లేదో నాయనా" అంటూ మసాలా దినుసుల మధ్య గుప్పెడు గసగసాల పొట్లం కూడా ఉంచింది. మన వంటింట్లో గసగసాలు కూరకు చిక్కదనాన్నిచ్చే దినుసు. కిరాణా దుకాణంలో ఎవరైనా అడిగి కొనుక్కోవచ్చు. కాని ఆ పెట్టె సౌదీ అరేబియాలోనో, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోనో దిగితే అదే పొట్లం నిషిద్ధ వస్తువు. గసగసాలు నల్లమందు మొక్క గింజలు. అందువల్ల ఆ దేశాలు వాటిని మాదకద్రవ్యాల సరసన చేర్చి నిషేధించాయి. ఇక్కడ వంట సరుకుగా బయలుదేరినది అక్కడ నేరానికి సాక్ష్యంగా మారుతుంది. "నాకు తెలియదు" అన్న సమాధానం ఏ దేశపు న్యాయస్థానంలోనూ సులభంగా చెల్లదు.

దేశం మారడమంటే వాతావరణం, వేషం, ఆహారం మారడమని మనం సాధారణంగా అనుకొంటాం. అవి కంటికి కనిపించే మార్పులు. కంటికి కనిపించని మార్పులు మూడు ఉన్నాయి. మాటకు అర్థం మారుతుంది. ఆ మాట వెనుక ఉన్న చట్టం మారుతుంది. ఆ చట్టాన్ని పుట్టించిన సంఘస్థితి మారుతుంది. ఈ మూడూ ఒకదానినొకటి అల్లుకొని ఉంటాయి. ఒకదానిని నేర్చి, తక్కిన రెండింటిని విడిచినవాడు సగం దారిలో నిలిచిపోతాడు.

మాట

ఇంగ్లీషు వస్తే ప్రపంచంలో ఎక్కడైనా బతకవచ్చునని మనవారి నమ్మకం. ఇది కొంతవరకు నిజమే. కాని ఇంగ్లీషు కూడా దేశానికో తీరుగా ఉంటుంది. మనం పెట్రోలు అన్నదానిని అమెరికావారు గ్యాస్ అంటారు. మనకు, బ్రిటన్‌వారికి నేల మీది అంతస్తు గ్రౌండ్ ఫ్లోర్; దాని పైది ఫస్ట్ ఫ్లోర్. అమెరికాలో సాధారణంగా నేల మీది అంతస్తే ఫస్ట్ ఫ్లోర్. మన విద్యార్థి తాను కళాశాల నుండి పాస్ అవుట్ అయ్యానని గర్వంగా చెబితే, అమెరికా శ్రోత అతడు స్పృహ తప్పి పడిపోయాడని అర్థం చేసుకొంటాడు. దరఖాస్తుకు చివరి తేదీ 4-7 అని ఉంటే మనకది జూలై 4. అమెరికావారికి ఏప్రిల్ 7. మూడు నెలల గడువు ఉందనుకొన్న విద్యార్థికి ఈ చిన్న భేదం ఒక విద్యాసంవత్సరాన్ని పోగొట్టగలదు.

అంకెలకు కూడా ఈ చిక్కు తప్పలేదు. మనం లక్షలు, కోట్లు లెక్కిస్తాం. పాశ్చాత్యులు మిలియన్లు, బిలియన్లు లెక్కిస్తారు. మిలియన్ అంటే పది లక్షలు. బిలియన్ విషయంలో మాత్రం ఇంగ్లీషు మాట్లాడే దేశాలలోనే ఏకాభిప్రాయం ఉండేది కాదు. 1974 వరకు బ్రిటన్ ప్రభుత్వ లెక్కలలో బిలియన్ అంటే లక్ష కోట్లు. అమెరికాలో వంద కోట్లు. ఆ సంవత్సరం బ్రిటన్ ప్రభుత్వం అమెరికా పద్ధతిని స్వీకరించింది.

మాటలోని భేదం రాజ్యాధినేతల సమావేశాలకు కూడా ఇబ్బంది కలిగించింది. ఒక పత్రాన్ని టేబుల్ చేయడమంటే బ్రిటన్‌లో దానిని వెంటనే చర్చకు పెట్టడం. అమెరికాలో చర్చను వాయిదా వేయడం. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్, అమెరికా సేనాధికారులు ఒక పత్రం విషయమై ఈ మాట మీద చాలాసేపు వాదించుకొన్నారు. ఇరుపక్షాల వారూ కోరినది ఒకటేనని తరువాత తెలిసింది. అప్పటి బ్రిటన్ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ తన యుద్ధచరిత్రలో ఈ సంగతి రాశాడు. ఒకే భాష మాట్లాడే మిత్రుల నడుమనే ఇంతటి అపార్థానికి తావుంటే, వేరు భాషల వారి నడుమ ఎంత జాగ్రత్త అవసరమో ఊహించవచ్చు.

మాట నుండి చట్టానికి

కొన్ని మాటలు నిఘంటువులో అర్థం చూసినంత మాత్రాన బోధపడవు. అట్టిదే టిప్పు అనే మాట. మన హోటల్‌లో టిప్పు అంటే తృప్తి చెందినవారు ఇష్టపడి ఇచ్చే ఇనాము. ఇవ్వకపోయినా ఎవరూ తప్పు పట్టరు. జపాన్‌లో టిప్పు ఇచ్చే ఆచారం లేదు. అక్కడ బల్ల మీద డబ్బు విడిచి వెళ్తే మరచిపోయారనుకొని వెంటవచ్చి తిరిగి ఇచ్చేవారూ ఉంటారు. అమెరికాలో టిప్పు ఇవ్వకుండా లేచి వెళ్లడం మర్యాదకు లోపం. ఎందువల్ల? అక్కడి కేంద్ర చట్టం 2009 నుండి గంటకు 7.25 డాలర్ల కనీస వేతనాన్ని నిర్ణయించింది. కాని టిప్పులు అందుకొనే ఉద్యోగికి యజమాని నేరుగా చెల్లించవలసిన కనీస మొత్తాన్ని 1991 నుండి 2.13 డాలర్ల వద్దనే ఉంచింది. తక్కినది టిప్పుల రూపంలో రావాలి. రాకపోతే యజమాని ఆ లోటును భర్తీ చేయాలి. కొన్ని రాష్ట్రాలు ఇంతకన్న ఎక్కువ వేతనాన్ని నిర్బంధం చేశాయి. అయినా మొత్తం మీద అక్కడ టిప్పు వడ్డించే మనిషి జీతంలో ఒక భాగం. ఈ చట్టం తెలియనివానికి ఆ దేశపు మర్యాద వింతగా తోస్తుంది. తెలిసినవానికి ఆ మర్యాద వెనుక ఒక కుటుంబపు జీవనం కనిపిస్తుంది.

బంధుత్వపదాలను పరిశీలిస్తే ఈ సంబంధం మరింత స్పష్టమవుతుంది. తెలుగులో పెదనాన్న, చిన్నాన్న పిల్లలు, పెద్దమ్మ, పిన్ని పిల్లలు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనత్త, మేనమామల పిల్లలు బావలు, వదినలు, మరదళ్లు. ఇంగ్లీషులో వీరందరికీ కలిపి కజిన్ అనే ఒక్కమాటే ఉంది. ఇది పదాల కొరత కాదు. మన సమాజంలో మొదటి వర్గం తోబుట్టువులతో సమానం; రెండవ వర్గంలో మేనరికపు వివాహం ఆచారసమ్మతం. ఆచారం రెండు వర్గాలను వేరు చేసింది కనుక భాషకు రెండు రకాల పదాలు అవసరమయ్యాయి.

చట్టం కూడా ఈ ఆచారాన్ని గుర్తించవలసి వచ్చింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం అన్నాచెల్లెళ్ల సంతానం మధ్య వివాహాన్ని నిషిద్ధ బంధుత్వాల జాబితాలో చేర్చింది. కాని ఇరుపక్షాల ఆచారం అనుమతించినచోట ఆ నిషేధం వర్తించదని మినహాయింపు ఇచ్చింది. ఈ మినహాయింపు వల్లనే మేనరికాలు చట్టసమ్మతాలవుతున్నాయి. అదే బంధుత్వంలో వివాహాన్ని బ్రిటన్ చట్టం అనుమతిస్తుంది. చైనా 1980 నాటి వివాహ చట్టంతో నిషేధించింది. అమెరికాలో పెక్కు రాష్ట్రాలు నిషేధించగా కొన్ని రాష్ట్రాలు అనుమతిస్తున్నాయి. ఒకచోట శుభలేఖలో అచ్చయ్యే బంధుత్వం మరొకచోట పెండ్లికి అడ్డంకి. ఆచారసమ్మతమైనదంతా మంచిదని కూడా చెప్పలేము. రక్తసంబంధీకుల వివాహాల వల్ల కొన్ని వంశపారంపర్య వ్యాధులు సంక్రమించే అవకాశం పెరుగుతుందని వైద్యులు హెచ్చరిస్తున్నారు. ఆచారాన్ని అర్థం చేసుకోవడం ఒకటి, దానిని పరీక్షించడం మరొకటి. విద్యావంతునికి రెండూ అవసరం.

చట్టం

చట్టాలు దేశానికో విధంగా ఎందుకు ఉంటాయి? ప్రతి దేశమూ తన చరిత్రకు, తన ఇరుగుపొరుగుకు, తన ప్రజల భయాలకు తగినట్లు చట్టాలు చేసుకొంటుంది. స్వీడన్‌లో ఒకప్పుడు వాహనాలు మన దేశంలోవలె రహదారికి ఎడమవైపున నడిచేవి. 1955లో ప్రజాభిప్రాయం కోరగా అత్యధికులు ఎడమవైపే ఉండాలన్నారు. కాని నార్వే, ఫిన్లాండ్ వంటి పొరుగు దేశాలలో వాహనాలు కుడివైపున నడుస్తాయి. సరిహద్దు దాటే ప్రతి వాహనానికీ ప్రమాదమే. చివరకు ప్రభుత్వం ప్రజలకు నచ్చజెప్పి 1967 సెప్టెంబరు 3న దేశమంతటా వాహనాలను కుడివైపునకు మార్చింది. కుడి ఉత్తమమా, ఎడమ ఉత్తమమా అనే ప్రశ్నకు ఇక్కడ తావు లేదు. అందరూ ఒకవైపున నడవడమే క్షేమం.

అన్ని భేదాలూ ఇటువంటివి కావు. కొన్ని చట్టాలలో మనుషుల పట్ల సమాజానికి ఉన్న దృష్టి వ్యక్తమవుతుంది. తల్లిదండ్రులు కూడా పిల్లలను కొట్టరాదని స్వీడన్ 1979లో చట్టం చేసింది. ప్రపంచంలో అటువంటి చట్టం చేసిన మొదటి దేశం అదే. ఆ చట్టం సంగతి ఇంటింటికీ తెలియడానికి పాలడబ్బాల మీద కూడా అచ్చువేయించారు. మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం పాఠశాలలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. ఇంటిలోని దెబ్బ సంగతి దాని పరిధిలోకి రాదు. "తల్లిదండ్రులు కొట్టక ఎవరు కొడతారు" అనుకొనే సమాజం నుండి స్వీడన్ వెళ్లి స్థిరపడిన కుటుంబం ఈ భేదాన్ని ముందుగానే తెలుసుకోవాలి. తెలియక ఎత్తిన చేయి ఆ కుటుంబాన్ని అధికారుల ముందు నిలబెట్టవచ్చు.

రహదారిపై ప్రమాదానికి గురైన మనిషి పడి ఉన్నాడనుకొందాం. జర్మనీలో, అవకాశం ఉండి కూడా ఆపన్నునికి సాయపడకపోవడం నేరం. దానికి ఒక సంవత్సరం వరకు కారాగారశిక్షగాని జరిమానాగాని విధించవచ్చు. మన దేశంలో సమస్య వేరు. సాయపడదలచినవారు కూడా పోలీసుల ప్రశ్నలకు, న్యాయస్థానాల చుట్టూ తిరగడానికి భయపడి వెనుకంజ వేసేవారు. అందుచేత 2016లో సుప్రీంకోర్టు అటువంటివారికి రక్షణ కల్పించే మార్గదర్శకాలను ఆమోదించింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో ఆ రక్షణకు చోటు దొరికింది. జర్మనీ చట్టం సాయపడనివానిని శిక్షిస్తున్నది. మన చట్టం సాయపడేవానికి అభయమిస్తున్నది. రెండింటి లక్ష్యమూ ఆ క్షతగాత్రుని ప్రాణమే. సంఘస్థితి వేరు కనుక దారి వేరైంది.

విదేశీ విద్య కోరేవారికి మరొక ఉదాహరణ. ఇక్కడ విద్యార్థి తీరిక వేళలలో దుకాణంలో పనిచేసినా, పిల్లలకు పాఠాలు చెప్పినా అది మెచ్చుకోదగిన విషయం. అమెరికాకు విద్యార్థి వీసాపై వెళ్లినవారు విద్యాకాలంలో విశ్వవిద్యాలయ ఆవరణలో వారానికి 20 గంటలకు మించి పనిచేయరాదు. అనుమతి లేకుండా బయట పనిచేస్తే విద్యార్థిగా అక్కడ ఉండే అర్హతనే కోల్పోవచ్చు. పనిచేయడం ఎక్కడైనా గౌరవమే. ఆ గౌరవానికి అక్కడి చట్టం ఒక హద్దు గీసింది.

సంఘస్థితి

తెలుగునాట నుండి గల్ఫ్ దేశాలకు వలసపోయిన కార్మికుల జీవితంలో మాట, చట్టం, సంఘస్థితి మూడూ ఒక్కచోట కలుస్తాయి. ఉత్తర తెలంగాణలోని కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి నిర్మాణ పనులకు, కడప, గోదావరి జిల్లాల నుండి ఇంటి పనులకు దశాబ్దాలుగా మనవారు అక్కడికి వెళ్తున్నారు. వారితోపాటు కొన్ని అరబ్బీ మాటలు మన పల్లెలకు వచ్చాయి. కఫీల్ అంటే కార్మికుని రాకకు పూచీపడే యజమాని. అకామా అంటే అక్కడ నివసించడానికి ఇచ్చే గుర్తింపు పత్రం. ఈ రెండు మాటలూ తెలియని ఇల్లు ఆ ప్రాంతాలలో అరుదు.

మరొక మాట ఖల్లివల్లి. అరబ్బీ వాడుకలో దీనికి "పోనీలే, వదిలెయ్" అని అర్థం. విసుగుతోనో నిర్లక్ష్యంతోనో అనే తేలికమాట. మన వలస కార్మికుల నోట ఈ మాటకు భయంకరమైన అర్థం వచ్చింది. యజమానిని విడిచి, సరైన పత్రాలు లేకుండా, దొరికిన పని చేసుకొంటూ దాగి బతికేవాడు ఖల్లివల్లి. ఒక తేలికమాట ఇంత బరువెక్కడానికి కారణం నిఘంటువులో దొరకదు, చట్టంలో దొరుకుతుంది. కఫీల్ పద్ధతిలో కార్మికుని నివాసపు హక్కు యజమానితో ముడిపడి ఉంటుంది. జీతం ఇవ్వని యజమానిని మన ఊరిలోనైతే విడిచి మరొకరి దగ్గర చేరవచ్చు. అక్కడ అనుమతి లేకుండా యజమానిని విడిచిన మరుక్షణం కార్మికుడు చట్టవిరుద్ధంగా నివసిస్తున్నవాడవుతాడు. జీతం రానివాడు బాధితుడు కావలసింది పోయి దోషి అవుతాడు. ఇంటికి రాలేక, అక్కడ ఉండలేక సంవత్సరాలు గడిపినవారున్నారు.

ఆ దేశాల సంఘస్థితి తెలిస్తే ఈ పద్ధతి ఎలా నిలిచిందో అర్థమవుతుంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ జనాభాలో పది మందికి సుమారు తొమ్మిది మంది విదేశీయులే. స్వదేశీయులు అల్పసంఖ్యాకులైన చోట విదేశీయుని రాకపోకలకు ఒక స్వదేశీయుని పూచీ కావాలన్న నియమం పుట్టింది. అర్థం కావడం వేరు, సమ్మతించడం వేరు. ఆ నియమం వల్ల మనిషి స్వేచ్ఛ మరొకని చేతిలోకి పోతున్నదని అంతర్జాతీయ కార్మిక సంస్థ వంటి సంస్థలు విమర్శించాయి. మార్పులు కూడా వచ్చాయి. కతర్ దేశం 2018లో పెక్కుమంది కార్మికులకు, 2020లో గృహకార్మికులకు, దేశం విడిచిపోవడానికి యజమాని అనుమతి అవసరాన్ని తొలగించింది. 2020లోనే యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు కల్పించింది. చట్టం మనుషులు చేసినదే కనుక మనుషులు దానిని మార్చగలరు.

ఇంటి పనికి వెళ్లిన స్త్రీల స్థితి మరింత సున్నితమైనది. ఇంటి పని పెక్కు దేశాలలో చాలాకాలం చట్టం దృష్టిలో పని కాలేదు. కార్మిక చట్టాలు కర్మాగారాలకు, కార్యాలయాలకు వర్తించేవి. వంటగది గుమ్మం దగ్గర ఆగిపోయేవి. కువైట్ 2015లో గృహకార్మికుల కోసం ప్రత్యేక చట్టం చేసి, రోజుకు 12 గంటల పరిమితిని, వారానికి ఒక సెలవును నిర్ణయించింది. చదివినప్పుడు 12 గంటలు కూడా ఎక్కువేననిపిస్తుంది. అయితే మన ఇళ్లలో పనిచేసేవారికి ఏ చట్టం ఎన్ని గంటలు నిర్ణయించిందో మనలను మనం ప్రశ్నించుకోవాలి. గృహకార్మికుల హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఒక ఒప్పందాన్ని రూపొందించింది. దానిపై భారతదేశం నేటికీ ఆమోదముద్ర వేయలేదు. ఎదుటివారిని కొలిచే కోలతో మనలను కూడా కొలుచుకొన్నప్పుడే విమర్శకు విలువ.

నేరం, శిక్ష అనే మాటలకు కూడా దేశాన్నిబట్టి అర్థం మారుతుంది. మన దేశంలో హత్య రాజ్యం పట్ల చేసిన నేరం. హతుని కుటుంబం క్షమించినా కేసు రద్దు కాదు. శిక్షను తగ్గించే అధికారం రాష్ట్రపతికి, గవర్నరుకు రాజ్యాంగం ఇచ్చింది. ఇస్లామిక న్యాయాన్ని అనుసరించే దేశాలలో హతుని వారసుల మాటకు ఎంతో విలువ ఉంది. వారు దియా అనే పరిహారధనం స్వీకరించిగాని, స్వీకరించకుండాగాని క్షమిస్తే మరణశిక్ష తప్పవచ్చు. 2005లో దుబాయిలో జరిగిన ఒక నేపాలీయుని హత్యకేసులో సిరిసిల్ల ప్రాంతానికి చెందిన ఐదుగురు కార్మికులకు శిక్ష పడింది. నేపాల్‌లోని హతుని కుటుంబాన్ని వెదకి, పరిహారం అందించి, క్షమాపత్రం తెచ్చినా వారి విడుదలకు చాలాకాలం పట్టింది. దాదాపు 18 సంవత్సరాల తరువాత, 2024 ఫిబ్రవరిలో వారు ఇళ్లకు చేరారు. దియా అనే రెండక్షరాల మాటను సిరిసిల్ల పల్లెలు ఏ పాఠ్యపుస్తకంలోనూ నేర్చుకోలేదు.

వెంట వెళ్లే స్థితిగతులు

దేశం విడిచినవారు తమ సంఘాన్ని కూడా కొంత మూటగట్టుకొని వెళ్తారు. భాష, పండుగలు, వంటలు వెళ్తాయి. వాటితోపాటు దోషాలు కూడా వెళ్తాయి. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగరపాలక మండలి కులాన్నిబట్టి వివక్ష చూపడాన్ని నిషేధించింది. అమెరికా నగరాలలో అటువంటి శాసనం చేసిన మొదటి నగరం అదే. ఆ నగరపు శాసనంలో జాతి, మతం, లింగం మొదలైన పదాల పక్కన కులం అనే పదం కొత్తగా చేరింది. మన రాజ్యాంగం 1950లోనే కులవివక్షను నిషేధించింది, అస్పృశ్యతను రద్దు చేసింది. అయినా ఏడు దశాబ్దాల తరువాత ఆ మాటను సముద్రాల అవతలి చట్టంలో చేర్చవలసి వచ్చిందంటే, చట్టం మారినంత వేగంగా సంఘం మారదని తేటతెల్లమవుతున్నది.

దేశాల మధ్య భేదాన్ని చూసి ఆశ్చర్యపడే మనం, మన దేశంలోనే కాలాల మధ్య ఉన్న భేదాన్ని మరచిపోతాం. 1892లో విజయనగరంలో గురజాడ అప్పారావు కన్యాశుల్కం నాటకాన్ని ప్రదర్శించారు. 1897లో అది అచ్చయింది. ఆడపిల్లకు వెల కట్టి, వరుని నుండి సొమ్ము పుచ్చుకొని, పసిపిల్లలను వృద్ధులకు ఇచ్చే దురాచారాన్ని ఆ నాటకం ఎండగట్టింది. తరువాతి కాలంలో సొమ్ము చేతులు మారే దిశ తిరగబడింది. వరుడు ఇచ్చే శుల్కం పోయి, వధువు తండ్రి ఇచ్చే కట్నం ప్రబలింది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ నేరమే. ఆ చట్టం ఉన్నదని తెలిసి కూడా పెండ్లి మాటలలో "ఇచ్చిపుచ్చుకోవడాలు" అనే మాట నేటికీ వినిపిస్తుంది. నేరాన్ని మర్యాదగా పలకడానికి మనం కనిపెట్టుకొన్న మాట అది. మన మాట వెనుక ఉన్న చట్టాన్ని మనమే మరచిపోతున్నప్పుడు పరదేశీయుని ఆచారాన్ని చూసి నవ్వే అర్హత మనకు ఉండదు.

ముగింపు

"పొరుగింటి పుల్లకూర రుచి" అనే సామెత మనకు ఉంది. విదేశంలోనిదంతా గొప్పదని భ్రమపడేవారికి ఆ సామెత ఒక హెచ్చరిక. మన దేశంలోనిదంతా గొప్పదనే అహంకారం కూడా అంతే ప్రమాదకరం. ఈ రెండింటికీ నడుమ తెలుసుకోవడమనే దారి ఉంది. పరదేశానికి వెళ్లేవారు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అక్కడ ఈ మాటకు అర్థమేమిటి? దానిని గూర్చి చట్టం ఏమంటుంది? ఆ చట్టం అలా ఉండడానికి అక్కడి సంఘంలో కారణమేమిటి? మొదటి ప్రశ్న అపార్థాల నుండి, రెండవది ఆపదల నుండి కాపాడుతుంది. మూడవది ఎదుటి మనిషిని చిన్నచూపు చూడకుండా కాపాడుతుంది.

ఈ జాగ్రత్త ఇంటి దగ్గరనే ఆరంభం కావాలి. పాస్‌పోర్టు భారత ప్రభుత్వపు ఆస్తి అని 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం చెబుతున్నది. దానిని యజమానికి తాకట్టుగా అప్పగించరాదు. పర్యటన కోసం ఇచ్చిన వీసాపై ఉద్యోగానికి పోరాదు. సంతకం చేసే ఒప్పందం తెలియని భాషలో ఉంటే, తెలిసినవారితో చదివించుకొన్న తరువాతనే సంతకం చేయాలి. వేసుకొనే మందులకు వైద్యుని చీటీ వెంట ఉండాలి. ఆ మందులను అక్కడ అనుమతిస్తారో లేదో ముందుగా విచారించాలి. ఇవి చిన్న విషయాలు. పల్లెలో పదిమందికి వీటిని చదివి వినిపించగల విద్యార్థి ఒక్కడున్నా, దూరదేశంలో ఒక మనిషి ఖల్లివల్లి కాకుండా మిగలవచ్చు. ప్రయాణమయ్యే కొడుకు పెట్టెలోని గసగసాల పొట్లాన్ని తీసి వంటింటి అలమరలో పెట్టి, ఎందుకు తీశాడో తల్లికి ఓపికగా చెప్పగలగాలి. ఆ పని చేయగలిగిన చదువు సార్థకమైన చదువు.

ప్రశ్నలు

అ) క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మాట, చట్టం, సంఘస్థితి ఒకదానినొకటి అల్లుకొని ఉంటాయని పాఠంలోని ఉదాహరణలతో నిరూపించండి.
2. గల్ఫ్ దేశాలకు వలసపోయిన తెలుగు కార్మికుల సమస్యలను వివరించండి.

ఆ) క్రింది ప్రశ్నలకు ఐదారు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. తెలుగులోని బంధుత్వపదాలకు, వివాహ చట్టానికి ఉన్న సంబంధమేమిటి?
2. ప్రమాదబాధితునికి సాయపడే విషయంలో జర్మనీ చట్టానికి, మన చట్టానికి గల భేదాన్ని తెలపండి.
3. కన్యాశుల్కం, కట్నం అనే మాటలు మన సంఘంలో వచ్చిన మార్పును ఎలా తెలుపుతున్నాయి?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. "జీతం రానివాడు బాధితుడు కావలసింది పోయి దోషి అవుతాడు."
2. "నేరాన్ని మర్యాదగా పలకడానికి మనం కనిపెట్టుకొన్న మాట అది."

ఈ) మీ ఊరి నుండి గాని, మీ బంధువులలో గాని విదేశానికి వెళ్లి వచ్చిన వారిని కలిసి, అక్కడ వారు కొత్తగా నేర్చుకొన్న ఒక మాటను, ఆ మాట వెనుక ఉన్న నియమాన్ని అడిగి తెలుసుకొని ఒక పుటకు మించకుండా రాయండి.